కీట్సు కవి కాలినడక

ఆంగ్లపద్యములు చదువు మన విద్యార్థులలో జాన్ కీట్సు పేరు విననివారు అరుదు. ఆయన 1795వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన లండను నగరమున జన్మించెను. 1821వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన రోము నగరమున క్షయవ్యాధిచే మరణించెను. బ్రదికినది 25 ఏండ్లే. కావుననే లోకులు ఆయనను రోగశయ్యమీది సుకుమారునిగా తలంచుట వాడుక. అట్టివాడు వీపున మూట గట్టుకొని, కొండలును రొంపినేలలును దాటుచు 600 మైళ్లకు పైగా నడచెనని యెఱిగినవారు కొందఱే. ఆ నడకకు ఆయన యెట్లు సిద్ధపడెనో, దేనికి సిద్ధపడలేకపోయెనో చెప్పదలచితిమి.

కీట్సు తండ్రి అద్దెగుఱ్ఱముల శాల నడపుచు, 1804లో గుఱ్ఱముమీదనుండి పడి మరణించెను. తల్లి 1810లో క్షయచే గతించెను. బాలుడు ఒక వైద్యునియొద్ద పని నేర్చి, 1815లో గైసు ఆసుపత్రి ప్రవేశించి, మఱుసటి యేడు వైద్యము చేయుటకు అనుమతి పొందెను గాని, కవిత్వముమీది మమకారముచే ఆ వృత్తిని విడిచెను. 1818లో ఎండిమియను అను కావ్యము వెలువడెను. అప్పటికి తమ్ములలో జార్జి నూతనవధువుతో అమెరికాకు పయనమగుచుండెను. టాము క్షయతో బాధపడుచుండెను.

ఆ వేసవిలో ఉత్తర ఇంగ్లండును స్కాట్లండును కాలినడకను చూడవలెనని కీట్సు సంకల్పించెను. ఇది వినోదయాత్ర కాదు. తన ముందటి జీవితమునకు దీనిని పీఠికగా భావించుచున్నట్లు ఒక చిత్రకారుడైన మిత్రునికి ఏప్రిల్ మాసముననే వ్రాసియుండెను. కష్టములకు దేహమును అలవరచుకొనవలెను, మనసునుండి సంకుచితభావములను పోగొట్టుకొనవలెను, పుస్తకములనడుమ కూర్చున్నదానికంటె పర్వతములను కన్నులార చూచిన తన కవిత్వము బలపడవలెను. ఇవి ఆయన కోరికలు. యాత్రకు బయలుదేరువాడు మొదట సర్దుకొనవలసినది సంచి కాదు, ఉద్దేశ్యమని మాకు తోచుచున్నది.

సంచి మాత్రము చిన్నదియే. అందులోని వస్తువులను కీట్సు తన చెల్లెలికి హాస్యగీతముగా వ్రాసి పంపెను: చొక్కా, తువాళ్లు, రాత్రి ధరించు టోపి, దువ్వెన, పాతవి చినుగును గనుక క్రొత్త మేజోళ్లు. వీనితోపాటు డాంటే కావ్యముయొక్క ఆంగ్లానువాదము మూడు చిన్న సంపుటములు. చలికి కంబళియు రోమపుటోపియు ఉండెను. నీరు చొరని రబ్బరుపూత గుడ్డకు మాకింటోషు హక్కుపత్రము పొందినది 1823లో గనుక, వాన కురిసిన తడియుటయే గతి. తోడు వచ్చినవాడు ఛార్లెసు బ్రౌను. కీట్సుకంటె 8 ఏండ్లు పెద్దవాడు, దృఢకాయుడు. కీట్సు సుమారు 5 అడుగుల పొడవువాడే. ఈ వేషములు చూచి దారిలోనివారు వీరిని కండ్లద్దములు, మంగలికత్తులు అమ్మువారని భ్రమించిరట.

జూన్ 22వ తేదీన లండనునుండి బండిలో బయలుదేరి, లివర్‌పూలులో జార్జి దంపతులను వీడ్కొని, లాంకాస్టరునుండి నడక ఆరంభించిరి. తెల్లవారుజామున లేచుట, కొన్ని మైళ్లు నడచి పిమ్మట ఫలాహారము తినుట వీరి నియమము. మొదటి దినముననే వాన అడ్డుపడగా, మిల్టను కావ్యము చదువుకొనుచు కూర్చుండి, 7 గంటలకు కదలిరి. మంచు క్రమ్ముటచే హెల్‌వెల్లిను కొండ ఎక్కుట మానిరి. స్కిడ్డా పర్వతమును మాత్రము వేకువ 4 గంటలకే బయలుదేరి యెక్కిరి. ఒకనాడు 'విశ్రమించి కృతజ్ఞుడవు కమ్ము' అని అర్థమిచ్చు పేరుగల చోటు ముందున్నదని విని, అది పూటకూళ్ల యిల్లనుకొని ఆశతో నడచిరి. తీరా చూడగా అక్కడ ఉన్నది ఒక రాయి! ఆకలితో మఱి 5 మైళ్లు నడువవలసివచ్చెను. పటము చూచువారు పేర్లను నమ్మరాదని బ్రౌను ఆనాడు నేర్చుకొనియుండును.

పశ్చిమతీరమున ఓబను చేరిన పిదప అసలు పరీక్ష వచ్చెను. స్టాఫా దీవిలోని గుహ చూడవలెనన్న పడవకు 7 గినీలు అడిగిరి. అంత యిచ్చుకొనలేక, దారి చూపువానిని తోడుకొని, మల్ దీవిని అడ్డముగా నడచి దాటుటకు నిశ్చయించిరి. అది 37 మైళ్ల దారి. అక్కడి నేల మన వరిమడివంటిది కాదు. మడిలో బురదక్రింద గట్టినేల కాలికి తగులును. అచ్చటనో, నాచుమొక్కలు వేలయేండ్లుగా నీటిలో సగము చివికి పేరుకొన్న నల్లని మెత్తనినేల. పైకి పచ్చిక, అడుగిడిన దిగబాటు. కీట్సు లాగు పైకి మడిచి, మేజోళ్లు చేతబట్టుకొని, రొంపియు రాళ్లును ఏఱులును దాటెను. రాత్రి ఒక గొల్లవాని గుడిసెలో పొగనడుమ నిద్రించెను. తినుటకు ఓటుధాన్యపు రొట్టె, గ్రుడ్లు. తెల్లరొట్టెకై ఆయన మనసు పీకుచుండెను. ఆ తడిలోనే జలుబు తగిలి గొంతు వాచెను. పడవకూలి మిగిలినది గాని ఆ మిగులు చాల ప్రియమైనదని మా యభిప్రాయము.

ఓబనులో కొన్నిదినములే విశ్రమించి, ఆగస్టు 2వ తేదీన, గొంతునొప్పి పూర్తిగా తీరకయే, బ్రిటనులోకెల్ల ఎత్తైన బెన్ నెవిసు నెక్కెను. దాని యెత్తు 4,413 అడుగులు. ఉదయము 5 గంటలకు బయలుదేరి, మొదట పొదలును, పిదప జారుడు రాళ్లును దాటి, మంచు నిలిచిన లోయల అంచున నడచి శిఖరము చేరిరి. మేఘములు తెర తీసినట్లును వేసినట్లును కదలుచుండగా, కీట్సు అగాధముప్రక్క రాతిమీద కూర్చుండి ఒక పద్యము రచించెను. అంతకు కొన్నియేండ్లముందు 50 ఏండ్ల మిక్కిలి స్థూలకాయురాలొకతె ఆ కొండ యెక్కినదని విని, దానిపైన ఒక హాస్యసంభాషణము గూడ వ్రాసెను. ఎక్కుటకంటె దిగుట ఆయన దేహమును ఎక్కువ కదల్చివేసెను. వైద్యము చదివినవాడు తన గొంతును తానే లక్ష్యపెట్టకపోవుట చూడగా మాకు విచారము కలుగుచున్నది.

ఇన్వర్నెసులో వైద్యుడు చూచి ఇంటికి మరలుమనెను. 8వ తేదీన క్రోమర్టీలో ఓడ యెక్కి, 18వ తేదీన కీట్సు లండను చేరెను. చిరిగిన కోటుతో, బూట్లు అరిగి మిగులనట్టి పాదములతో, నల్లబడిన ముఖముతో వచ్చిన ఆయనను చూచి పరిచితులు నివ్వెఱపడిరి. బ్రౌను ఒంటరిగా నడక సాగించెను.

అప్పటికి టాము వ్యాధి ముదిరియుండెను. ఆ నడకయే కీట్సునకు క్షయ తెచ్చినదని కొందఱందురు. మేమట్లు చెప్పజాలము. క్షయను కలిగించు సూక్ష్మక్రిమిని కోకు కనుగొన్నది 1882లో. అది రోగినుండి యితరులకు సోకునని ఆనాటి ఇంగ్లండులో తలంచినవారు తక్కువ. అలసిన దేహముతో కీట్సు హాంప్‌స్టెడ్డులోని చిన్నగదులలో తమ్మునికి రేయింబవళ్లు ఉపచారము చేసెను. డిశంబరు 1వ తేదీన టాము కన్నుమూసెను.

ఆ పడకప్రక్కనే కీట్సు హైపీరియను కావ్యము ఆరంభించెను. అందు ఓడిపోయిన దేవతలు పెనుబండలనడుమ పడియుందురు. వారిని కవి పాడుపడిన మైదానములోని పురాతన శిలావలయముతో పోల్చెను. కెస్విక్కు పట్టణమునకు చేరువను అట్టి వలయ మొకటి నేటికిని నిలిచియున్నది. స్కిడ్డా యెక్కుటకు ముందుదినమున ఆయన బ్రౌనుతో వెళ్లి చూచినది దానినే.