జేమ్సు రెన్నెల్

కృష్ణానది గద్వాల, వనపర్తి ప్రాంతముల నడుమ ప్రవహించి, నాగరుకర్నూలు సీమ దక్షిణపుటంచున సాగి, కడకు హంసలదీవి యొద్ద బంగాళాఖాతమున గలియుచున్నది. వేసవిలో సన్నగిల్లి, వానకాలమున పొంగు ఈ నదివలెనే సముద్రమునందును ఋతువుల ననుసరించి మారు ప్రవాహములు గలవు. అయితే వానికి గట్లు లేవు; కంటికి గానరావు. అట్టి ప్రవాహముల జాడ దీసినవారిలో జేమ్సు రెన్నెల్ అగ్రగణ్యుడు.

రెన్నెల్ 1742వ సంవత్సరమున ఇంగ్లండులోని డెవన్ మండలమున జన్మించెను. పసితనముననే తండ్రిని గోల్పోయి, పదునాలుగవ యేట నౌకాదళమున జేరెను. పిమ్మట భారతదేశమునకు వచ్చి, 1764 నుండి వంగదేశపు నదులను, భూములను కొలుచు పని చేపట్టెను. 1766లో సాయుధులైన సన్యాసులతో జరిగిన పోరున కత్తివేటులకు గురియయ్యెను. వైద్యుడు లేని యా చోటినుండి పడవలో ఢాకాకు చేర్చగా బ్రదికెను గాని పూర్వపుటారోగ్యము మరల రాలేదు. అయినను కొలతపని మానలేదు. మరుసటి యేడే సర్వేయరు జనరల్ పదవి నందెను.

1777లో స్వదేశమునకు బయలుదేరి, త్రోవలో ఆఫ్రికా దక్షిణాగ్రమున ఓడలను నెట్టు ప్రవాహమును పరిశీలించి, 1778లో పటము ప్రకటించెను. నావికుడు ఓడ నడచిన వేగమును, దిశను లెక్కించి తానున్న చోటు నూహించును. సూర్యనక్షత్రముల వలనను, గడియారము వలనను నిజమైన చోటు దెలియును. ఈ రెంటి నడుమ భేదము చాలవరకు ప్రవాహము చేసిన పని. రెన్నెల్ ఓడల దినచర్యాపుస్తకముల ననేకము సేకరించి ఈ భేదములను ఓపికతో పోల్చి చూచెను. సిల్లీ దీవులయొద్ద 1707లో నాలుగు ఆంగ్లనౌకలు శిలలకు దాకి మునిగెను. ఆ దీవుల పడమట ఓడలను ఉత్తరమునకు ద్రోయు ప్రవాహము గలదని 1793లో ఆయన నావికులను హెచ్చరించెను.

1830లో ఆయన మరణించునాటికి ప్రవాహములను గూర్చిన మహాగ్రంథము అచ్చు కాలేదు. కుమార్తె దానిని 1832లో ప్రకటించెను.

నేడు ఉపగ్రహములు సముద్రముపై రాడారు తరంగములను ప్రసరించి నీటిమట్టపు హెచ్చుతగ్గులను కొలుచుచున్నవి. వానినిబట్టి, భూభ్రమణమునుగూడ గణించి, ప్రవాహముల వేగమును, దిశను గట్టుదురు. భారత, ఫ్రాన్సు దేశములు కలసి నిర్మించిన సరళ్ ఉపగ్రహము 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోటనుండి ఎగసెను. తెలుగుతీరపు ప్రవాహము మార్చి, ఏప్రిలు మాసములలో ఉత్తరమునకును, నవంబరునాటికి దక్షిణమునకును సాగునని ఇట్టి కొలతలు తేటపఱచినవి. 1999లో హైదరాబాదున నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము సముద్రస్థితిని జాలరులకు దెలుపుచున్నది.

సాధనములు మారినవి. కొలిచినదానిని ఉన్నదున్నట్లు వ్రాసి, ఓర్పుతో పోల్చి చూచు పద్ధతి మాత్రము రెన్నెల్ నాటిదే.