మూసా బిన్ మైమూన్: అణకువకు హద్దు లేదన్న యూద పండితుడు

ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో అణకువ గురించి దర్సు చెప్పినప్పుడు యువకులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. గర్వం కూడదనే బోధ యూదుల ధర్మంలోనూ ఉందా అని. యూదులంటే వార్తల్లో కనిపించే యుద్ధాలే తెలిసిన మన పిల్లలు అలా అడగడంలో వింత లేదు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను భూమి మీది మనుషులందరిలోకి మిక్కిలి వినమ్రుడని తౌరాతు వర్ణించింది. ఆ ఒక్క వర్ణనను పట్టుకుని జీవితమంతా ఆలోచించిన పండితుడు మూసా బిన్ మైమూన్. మన అరబీ చరిత్రకారులకు ఆయన కొత్తవాడు కాడు. ఇబ్నె అబీ ఉసైబిఆ తన వైద్యుల చరిత్రలో ఆయన గురించి రాశాడు.

ఆయన 1138 ప్రాంతంలో అందలుస్‌లోని ఖుర్తుబాలో జన్మించాడు. తండ్రి న్యాయపండితుడు. 1148లో ఆ నగరం మువహ్హిదీన్ పాలకుల వశమైంది. జిమ్మీలకు ఇస్లామీ షరీఅత్ ఇచ్చిన రక్షణను వారు తీసివేశారు. ధర్మంలో బలవంతం లేదని దివ్యఖుర్ఆన్ చెబుతుండగా వారు చేసిన ఈ పనిని మేము సమర్థించలేము. ఆ కుటుంబం ఊరు విడిచి, ఫాస్ నగరంలో కొంతకాలం ఉండి, 1165 ప్రాంతంలో ఫలస్తీనా మీదుగా మిస్ర్ చేరి ఫుస్తాత్‌లో స్థిరపడింది. ఆయనకు గౌరవం దక్కింది కూడా ముస్లిం పాలనలోని ఆ మిస్ర్‌లోనే.

తమ్ముడు దావూద్ రత్నాల వ్యాపారి. అన్న చదువుకు, ఇంటి ఖర్చుకు అతని సంపాదనే ఆధారం. ఒకసారి అతడు మన హిందూ మహాసముద్రంలో ఓడతో సహా మునిగిపోయాడు. అన్న సొమ్ము, తన సొమ్ము, ఇతరులు నమ్మి ఇచ్చిన సొమ్ము, అంతా పోయింది. వితంతువైన భార్య, ఒక చిన్నారి కూతురు మిగిలారు. పదిమంది పెట్టుబడితో సరుకు కొనడానికి పోయేవారి సంగతి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వారికి మేము వివరించనక్కర లేదు. ఇబ్నె మైమూన్ ఏడాదిపాటు మంచం పట్టాడు. ఏళ్ళు గడిచాక రాసిన ఉత్తరంలోనూ ఆ దుఃఖం తగ్గలేదు.

మంచం దిగాక వైద్యం చేసి బతకసాగాడు. ధర్మవిద్యను జీవనోపాధిగా చేసుకోవడం ఆయనకు గిట్టేది కాదు, ఆ విషయంలో తోటి పండితుల మీద చాలా కఠినంగా రాశాడు. మదరసా జీతంతో ఇల్లు గడుపుకునే మాబోటి వారికి ఇది కాస్త చురుక్కుమనిపిస్తుంది.

గుణాలన్నిటిలో మధ్యేమార్గం మేలని ఆయన బోధన. పిసినారితనానికీ దుబారాకూ నడుమ ఔదార్యం, పిరికితనానికీ తెగింపుకూ నడుమ ధైర్యం. అయితే గర్వం విషయంలో మాత్రం మధ్యలో ఆగడం చాలదన్నాడు. ఇందుకు తౌరాతు హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను వినమ్రుడని ఊరుకోక మిక్కిలి వినమ్రుడని చెప్పడమే ఆధారం.

1168లో ముగించిన అరబీ వ్యాఖ్యానంలో ఆయన ఒక భక్తుని కథ చెప్పాడు. జీవితంలో మిక్కిలి సంతోషించిన రోజు ఏదని అడిగితే, ఓడ అడుగున చింకి బట్టలతో పడి ఉన్న రోజని ఆ భక్తుడు చెప్పాడట. ఆ ఓడలోని ధనికుడొకడు ఆయనను మనిషిగా లెక్కచేయక ఆయన మీదే మూత్రం పోశాడు. అయినా మనసులో కోపం పుట్టలేదు. తనలో అహం అణగిందని ఆ రోజే తెలిసిందట. తాను దీన్ని శీలానికి సంబంధించిన ఒక గ్రంథంలో చదివానన్నాడే గాని దాని పేరు చెప్పలేదు. ఇమామ్ ఖుషైరీ రిసాలా చదివిన వారికి మాత్రం హజ్రత్ ఇబ్రాహీం బిన్ అద్‌హమ్ (రహ్మతుల్లాహి అలైహ్) వృత్తాంతం తప్పక గుర్తొస్తుంది.

బోధించినంత తేలిగ్గా ఆచరించాడా? ధర్మశాస్త్రాన్నంతా ఒక్కచోట కూర్చి, తౌరాతు తర్వాత ఇది చదివితే మధ్యలో మరో గ్రంథం అక్కరలేదని ముందుమాటలో రాసుకున్నాడు. ఏ తీర్పు ఎవరిదో ఆధారం చూపలేదు. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ఒక పెద్ద పండితుడు దీన్ని తీవ్రంగా ఖండించాడు. మాకూ ఆ విమర్శలో న్యాయం ఉందనిపిస్తుంది. కానీ ఆ ప్రాంతంలోనే ఉన్న లునెల్ పట్టణ పండితులు పుస్తకంలో సందేహాలు ఎత్తి రాస్తే ఆయన నొచ్చుకోలేదు. ఒక చోట వారి మాటే నిజమని ఒప్పుకుని, ప్రతిని సరిదిద్దమన్నాడు. పేరు పొందిన ఆలిమ్‌కు ఇది ఓడ అడుగున పడి ఉండడం కంటే కష్టమైన పరీక్ష.

సుల్తాన్ సలాహుద్దీన్ వజీరు ఖాజీ అల్ ఫాజిల్ ఆదరణతో ఆయన దర్బారు వైద్యుడయ్యాడు. 1199 నాటి ఉత్తరంలో తన దినచర్య చెప్పుకున్నాడు. పొద్దున్నే కాహిరా వెళ్ళి, మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇంటికి వస్తే వసారా నిండా రోగులు. యూదులు, ఇతరులు, పెద్దలు, పేదలు, మిత్రులు, శత్రువులు. చేతులు కడుక్కుని, నాలుగు ముద్దలు తినే వరకు ఓపిక పట్టమని వారినే బతిమాలుకునేవాడు. రోజంతటికీ అదొక్కటే భోజనం. రాత్రి నీరసించి, పడుకునే మందులు చెప్పేవాడు.

1204 డిసెంబరులో, హిజ్రీ 601లో, ఫుస్తాత్‌లో మరణించాడు. కుమారుడు ఇబ్రాహీం యూద సమాజానికి నాయకుడై, కిఫాయతుల్ ఆబిదీన్ అనే గ్రంథాన్ని అరబీలో రాశాడు. అందులో అణకువకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. పూర్వ ప్రవక్తల నిరాడంబర మార్గాన్ని ముస్లిం సూఫీలు నిలబెట్టుకున్నారని మెచ్చుకుని, తన వారి ప్రార్థనలో సజ్దాను ప్రవేశపెట్టబోయాడు. గిట్టని యూదులు కొందరు వెళ్ళి సుల్తానుకు ఫిర్యాదు చేశారు.