సింహళద్వీపమున అడివి బాపిరాజుగారు

అడివి బాపిరాజుగారి పేరు వినని తెలుగు కుటుంబములు మన మదురలో అరుదు. అయితే మనలో పెక్కుమంది ఆయనను నారాయణరావు, హిమబిందు, గోన గన్నారెడ్డి నవలల కర్తగానే యెరుగుదుము. చివరి దినములలో ఆయన కుంచె చేతబట్టి, సముద్రము దాటి, సింహళమున చేసిన పనిని గూర్చి యిచట నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఆయన 1895 అక్టోబరు 8న భీమవరము ప్రాంతమున జన్మించిరి. రాజమహేంద్రవరము కళాశాలలో చదువుచుండగా ప్రధానాచార్యుడైన కూల్డ్రే దొర ఆయనలోని కళాకారుని గుర్తించెను. కూల్డ్రే స్వయముగా కవి, చిత్రకారుడు. దామెర్ల రామారావును తీర్చిదిద్దినవాడును ఆయనయే. బాపిరాజుగారు న్యాయశాస్త్రము చదివి కొలదికాలము వకీలు వృత్తి చేసిరి గాని మనసు అందు నిలువలేదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ వద్ద చిత్రలేఖనము నేర్చిరి. తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులైరి. చలనచిత్రములకు కళాదర్శకత్వము, హైదరాబాదున మీజాను పత్రికా సంపాదకత్వము కూడ నిర్వహించిరి.

1951లో మద్రాసు ప్రభుత్వము ఆయనకొక పని యప్పగించెను. సింహళమునందలి సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాయవలెను. సింహళము మనకు పరాయిది కాదు. రామేశ్వరము దాటిన కొలది మైళ్ల సముద్రమునకు ఆవలిది. 1739 నుండి 1815 వరకు కండి సింహాసనమేలిన నాయకరాజులు మన మదుర నాయకుల బంధువర్గమువారే.

సిగిరియా మైదానము నడుమ సుమారు ఆరువందల అడుగులు నిటారుగా లేచిన ఒంటిబండ. అయిదవ శతాబ్దిలో తండ్రిని చంపి రాజ్యమాక్రమించిన కాశ్యపుడు, తమ్ముడు మొగ్గల్లానుని భయమున, దాని శిఖరముపై కోట కట్టుకొనెను. బండ పడమటి ముఖమున, ఒక తొలుపులో, మేఘముల నుండి నడుము వరకు వెలువడుచున్న స్త్రీమూర్తులున్నవి. చేతులలో పువ్వులు, మెడలలో హారములు. వ్రాసినవారి పేర్లు ఎవరికిని తెలియవు.

హిమబిందు చదివినవారు శాతవాహన కాలపు స్త్రీల నగలను, వస్త్రములను బాపిరాజుగారు ఎంత సూక్ష్మముగా వర్ణించిరో యెరుగుదురు. అదంతయు ఆయన యూహించి కట్టినది. సిగిరియాలో అట్టి అలంకారములు పదునైదు వందల యేండ్ల నాటి కుంచెతోనే యెదుట నిలిచినవి. ఇక్కడ ఊహకు తావులేదు. గీత ఎచ్చట సన్నగిలినదో అచ్చట సన్నగిలవలెను. రంగు వెలసినచోట దానిని మెరుగుపరచరాదు. స్వతంత్రించి వ్రాయ నలవాటుపడిన కవికి, ఏబదియైదేండ్లు దాటిన పిదప, ఇట్లు పరుల గీతకు లొంగి పనిచేయుట నవల వ్రాయుట కంటె సులభమని మేము తలంపజాలము. అయినను ఆయన నేర్చిన శైలికి అజంతాయే మూలము. సిగిరియా చిత్రములు అజంతాకు దగ్గరి చుట్టములు. కనుక ఆయన చేయి అందుకు తగినదే.

ఆ ప్రతికృతులు మద్రాసు ప్రదర్శనశాలకు చేరినవి. మరుసటి యేడు, 1952 సెప్టెంబరు 22న, బాపిరాజుగారు కీర్తిశేషులైరి.

1967లో ఎవరో దుండగులు సిగిరియా మూర్తులపై రంగు పులిమిరి. వానిని బాగుచేయుటకు నిపుణులు ఎంతయో శ్రమపడవలసివచ్చెను. బాపిరాజుగారు చూచి వ్రాసినది, ఆ మచ్చ పడుటకు పదునారేండ్ల ముందరి ముఖములను.