కాసనోవా చివరి కొలువు

స్త్రీలోలుడైన వానిని లోకం నేటికీ ఒక మనిషి పేరుతోనే పిలుస్తుంది. ఆ మనిషి జియాకొమో కాసనోవా. పేరు ఎరుగనివారు అరుదు గాని, ఆ పేరును మోయలేక వార్ధక్యంలో అతడు పడిన పాట్లు ఎరిగినవారు బహు కొద్దిమంది.

కాసనోవా 1725 ఏప్రిల్ 2న వెనిస్ నగరంలో నాటకాలాడేవారి ఇంట జన్మించాడు. న్యాయశాస్త్రం చదివాడు. చర్చి కొలువు చేశాడు, సైన్యంలో చేరాడు, ఫిడేలు వాయించాడు, జూదమాడాడు. 1755లో వెనిస్ ప్రభుత్వం అతనిని సీసపు రేకుల కప్పు క్రింద ఉన్న చెరలో వేయగా, పదిహేను నెలల తరువాత కప్పు తొలిచి పారిపోయాడు. ఆ సాహసంతో యూరపు దర్బారుల తలుపులు అతనికి తెరచుకున్నాయి. అతడేమీ గొప్ప అందగాడు కాడు. ఆజానుబాహువు, చామనచాయ, అన్నిటినీ మించి మాటకారి. ఆ మాటే అతని మూలధనం.

మొదటి ఓటమి 1763లో లండనులో ఎదురైంది. అప్పటికి అతని వయస్సు 38. మరీ షార్పియోఁ అనే పడుచు అతని సొమ్ము తిని, వారాల తరబడి త్రిప్పి, చివరకు నవ్వులపాలు చేసింది. జేబులలో సీసపు గుండ్లు నింపుకొని థేమ్స్ నదిలో దూకడానికి బయలుదేరానని, వంతెనపై మిత్రుడొకడు ఎదురుపడి ఆపాడని అతడే వ్రాసుకున్నాడు. ఆపై ఒక చిలుకను కొని, దానికి ఆమెను తిట్టే మాటలు నేర్పి అంగడికి పంపాడు. జగజ్జేత అనిపించుకున్నవాని ప్రతీకారం అంతటితో సరి! తన పతనం ఆ సంవత్సరమే మొదలైందని అతడే ఒప్పుకున్నాడు.

అతని కథలు విని ముచ్చటపడేవారు ఒక సంగతి మరువరాదు. అతడు చెప్పుకున్న నూటికి పైబడిన స్త్రీలలో పసితనం వీడని బాలికలున్నారు, బలవంతానికి గురైనవారున్నారు. నేటి చట్టం వాటిని శృంగారం అనదు.

1774లో వెనిస్ అతనిని తిరిగి రానిచ్చింది. వయస్సు 49, చేతిలో కాసు లేదు. తనను చెరలో వేసిన అధికారులకే వేగులవాడై, పౌరుల నడవడిపై నివేదికలు వ్రాసి పొట్టపోసుకున్నాడు. ఫ్రాంచెస్కా బుస్కిని అనే కుట్టుపనిచేసే పేదరాలు అతనితో కాపురం చేసింది. ఒక ప్రభువును నిందిస్తూ వ్రాసిన పుస్తకం వల్ల 1783లో అతడు మరల దేశం విడువవలసివచ్చింది. ఆమె ఉత్తరాలు మాత్రం అతనిని వెన్నంటి వెళ్ళాయి. గడవక, అతడు విడిచివెళ్ళిన పుస్తకాలను అమ్ముకున్నానని వాటిలో చెప్పుకుంది.

1785లో బొహీమియాలోని డక్స్ కోటలో వాల్డ్‌స్టయిన్ ప్రభువు అతనికి గ్రంథాలయాధికారి పని ఇచ్చాడు. జీతం ఏడాదికి వెయ్యి ఫ్లోరిన్లు. ప్రభువు తరచుగా ఊరిలో ఉండడు. సేవకులకు తెలిసినవి జర్మను, చెకు భాషలు. మాటతో బ్రతికినవానికి మాట అర్థమయ్యేవారే కరవయ్యారు. ఇంటి భాష వాకిలి దాటని మన సరిహద్దు ఊళ్ళవారికి ఆ బాధను వేరుగా చెప్పనక్కరలేదు. కాఫీ బాగాలేదని, మాకరోనీ సరిగా వండలేదని రోజూ తగవే. ఏనాటి వాడుకో ప్రకారం వంగి నమస్కరిస్తే నవ్వేవారు. జరీ పట్టుబట్టలతో, తెల్లని ఈక గుచ్చిన టోపీతో వస్తే మరింత నవ్వేవారు. కోట ఉద్యోగి ఒకడు అతని చిత్రపటాన్ని చించి మరుగుదొడ్డిలో అంటించాడట.

1787లో ప్రాగు నగరంలో మొజార్టు సంగీత నాటకం ‘డాన్ జొవాన్ని’ తొలిసారి ఆడింది. నాయకుడు స్త్రీలను వంచించేవాడే. దాని రచయిత దా పొంతె కాసనోవాకు పాత పరిచయస్థుడు. అందులోని ఒక ఘట్టానికి అతడు వ్రాసిచూసిన పాఠాంతరం తరువాత అతని కాగితాలలో దొరికింది. వేదికపై నాయకునికి యౌవనం, కాసనోవాకు 62 ఏళ్ళు.

1789 ప్రాంతంలో, మనోవ్యాధికి మందుగా, ఆత్మకథ మొదలుపెట్టాడు. మాతృభాష ఇటాలియనును విడిచి, ఎక్కువమంది చదువుతారని ఫ్రెంచిలో వ్రాశాడు. రోజుకు పన్నెండు, పదమూడు గంటలు కూర్చున్న రోజులున్నాయి. సుమారు 3,700 పుటలు పేరుకున్నాయి. పగలు సేవకులు పరిహసించిన ముసలివాడు ఆ కాగితాలపై మరల పడుచువాడై దర్బారులు తిరిగాడు. 1797లో నెపోలియన్ చేతిలో వెనిస్ గణతంత్రం కూలిపోయిన వార్త అతనికి డక్స్‌లోనే చేరింది. 1798 జూన్ 4న అక్కడే కన్నుమూశాడు. సమాధి చోటు నేడు తెలియదు.

ఆ వ్రాతప్రతిని 2010లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం 70 లక్షల యూరోలకు పైగా వెచ్చించి సేకరించింది. అందులో కథ 1774తో ఆగిపోతుంది. వేగుతనం గురించి గాని, ఫ్రాంచెస్కా గురించి గాని, డక్స్ నవ్వుల గురించి గాని అందులో ఒక్క అధ్యాయం లేదు.