సావిత్రి అంటే ఏడుపేనా?

సావిత్రి పేరెత్తగానే మన ఆడవాళ్ళ నోటినుంచి ముందు వచ్చేది ఒక నిట్టూర్పు. పాపం, ఎంత సంపాదించింది, చివరికి ఎలా పోయింది అని ఓ పది నిమిషాలు బాధపడ్డాకగానీ సినిమాల ఊసు రాదు. వచ్చినా 'దేవదాసు'లో పార్వతి ఏడుపు, 'రక్తసంబంధం'లో చెల్లెలి ఏడుపు. 2018లో 'మహానటి' వచ్చాక ఈ నిట్టూర్పులు ఇంకా ఎక్కువయ్యాయి. కీర్తి సురేష్ బాగా చేసింది, జాతీయ అవార్డూ వచ్చింది, కాదనను. కానీ హాల్లో కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో ఎంతమంది ఇంటికెళ్ళి 'మిస్సమ్మ' పెట్టుకుని చూశారో నాకు అనుమానమే.

మాది వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట, అగస్త్యేశ్వరుడి గుడి ఉన్న ఊరు. నా చిన్నప్పుడు సినిమా చూడాలంటే పనులన్నీ తెముల్చుకుని, పిల్లల్ని వెంటేసుకుని, బస్సెక్కి మిర్యాలగూడ పోవాల్సిందే. ఒక పూట ఖర్చయ్యేది. అందుకని ఏడాదికి రెండో మూడో సినిమాలు, అంతే. పాత సినిమా మళ్ళీ ఆడుతోందని తెలిసి, అందులో సావిత్రి ఉందంటే మాత్రం మా అమ్మ ఆగేది కాదు. ఆవిడ మన కృష్ణ ఒడ్డు మనిషే అని అమ్మకు అదో గొప్ప. నిజమే, మా రేవు దాటిన నీళ్ళు అలా దిగువకు పోయి పోయి గుంటూరు జిల్లా చిర్రావూరు పక్కనుంచీ పారతాయి. 1936 డిసెంబరు 6న సావిత్రి పుట్టింది ఆ ఊళ్ళోనే.

తండ్రి నిశ్శంకర గురవయ్య. ఆరు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఆయన పోయారు. తల్లి సుభద్రమ్మ ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని విజయవాడలో అక్క దుర్గాంబ ఇంటికి చేరింది. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకటరామయ్యే ఈ పిల్లకు డాన్సు నేర్పించడం, నాటకాలకు తిప్పడం, చివరికి మద్రాసు తీసుకుపోవడం. ఆ రోజుల్లో తండ్రిలేని ఆడపిల్లని నాటకాలకు పంపడమంటే బంధువులు ఎన్ని మాటలు అని ఉంటారో మీరే ఊహించుకోండి.

మద్రాసులో మొదటి అనుభవం చేదుదే. 1950లో 'సంసారం'లో హీరోయిన్ వేషం వచ్చినట్టే వచ్చి చేజారింది. అందులోనే ఏదో చిన్న వేషంతో సరిపెట్టారు. 1951లో 'పాతాళభైరవి'లో ఒక డాన్సు. 1952లో 'పెళ్ళిచేసి చూడు'లో రెండో హీరోయిన్. ఆ మరుసటేడే 'దేవదాసు'. అప్పటికి ఆవిడకు పదిహేడేళ్ళు కూడా నిండలేదు. పార్వతి అంటే మనకు ఏడుపే గుర్తుంది గానీ, అర్ధరాత్రి తనంత తానుగా వెళ్ళి పెళ్ళిమాట అడిగిందీ, తర్వాత అతను తిరిగొస్తే మొహం మీదే ఎదురు చెప్పిందీ ఆ పార్వతే. ఆ పొగరు చూడకుండా ఏడుపు ఒక్కటే చూస్తే సగం సినిమా చూసినట్టు.

1955లో 'మిస్సమ్మ'. అందులో ముందు మేరీ వేషం భానుమతిది. కొంత షూటింగ్ అయ్యాక నిర్మాత చక్రపాణికీ ఆవిడకూ పడక ఆవిడ తప్పుకుంటే, రెండో వేషానికి తీసుకున్న సావిత్రిని మేరీని చేశారు. ఆ రెండో వేషం జమునకు వెళ్ళింది. ఇంక చూడండి ఆ మేరీ కోపం! అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. ఉద్యోగం కావాలంటే మొగుడూపెళ్ళాల్లా నటించాలి. ఎదుట రామారావేమో నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. మూతి బిగించడంలో, చర్రున లేచిపోవడంలో, కోపం తగ్గినా తగ్గలేదన్నట్టు మొహం పెట్టుకోవడంలో ఎన్ని రకాలో. కన్నీటి బొట్టు లేకుండా ఆడదాని కోపాన్ని అంత అందంగా తెరమీద చూపించినవాళ్ళు నాకు తెలిసి తక్కువ. ఇదే సినిమాను తమిళంలోనూ తీశారు. అక్కడ హీరో జెమినీ గణేశన్.

'మాయాబజార్' గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1957 మార్చి 27న వచ్చింది. శశిరేఖ ఒక్కతే అనుకుంటాం గానీ సావిత్రి చేసింది ఇద్దరిని. అసలు శశిరేఖ ఒకరు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు ఒకరు. ఆ రెండో ఆవిడ దగ్గరే ఉంది అసలు విద్య. లోపల ఎస్వీ రంగారావున్నాడని మనకు తెలియాలి, పెళ్ళివాళ్ళకు తెలియకూడదు. చెలికత్తెల ముందు ఒయ్యారంగా నడుస్తూ నడుస్తూ ఒక్క క్షణం ఏమరుపాటున రొమ్ము విరుచుకుంటుంది, భుజాలు వెడల్పవుతాయి, నవ్వు మగనవ్వైపోతుంది. అంతలోనే నాలిక్కరుచుకుని మళ్ళీ సిగ్గుల మొగ్గ. ఆ పెళ్ళిపాటలో సుశీల గొంతు నడుస్తుండగా మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది కదా, అప్పుడు ఆవిడ ఒళ్ళంతా ఆ గొంతుకు తగ్గట్టు మారిపోతుంది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేప్పుడు రేలంగి అల్లల్లాడిపోతుంటే సావిత్రి మొహంలో కొత్త పెళ్ళికూతురి అమాయకత్వం! మా అమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు ఒత్తుకునేది. సావిత్రి సినిమాలో మా అమ్మ ఎక్కువగా కళ్ళు తుడుచుకున్నది అక్కడే. వయసు ఇరవై ఒకటి లోపు, పక్కన రంగారావు, రామారావు, నాగేశ్వరరావు, రేలంగి. అంతమందిలోనూ ఆ పిల్లే గుర్తుండిపోతుంది.

'గుండమ్మ కథ'లో లక్ష్మి నాకు కొంచెం నచ్చదు. మరీ అంత ఓర్పేమిటని. జమున వేసిన సరోజకు ఉన్న హుషారు ఆ వేషానికి లేదు. అయినా సూర్యకాంతం అరుపుల కింద తలొంచుకుని కళ్ళతోనే నవ్వుకోవడం చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. అదే 1962లో 'రక్తసంబంధం'లో రామారావుకే చెల్లెలు. కొన్ని నెలల కిందట జంటగా చూసినవాళ్ళని అన్నాచెల్లెళ్ళుగా చూపించి జనాన్ని నమ్మించారంటే సామాన్యమా?

నన్నడిగితే మాత్రం 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' చూడమంటాను. పిచ్చాసుపత్రిలో నర్సు. రోగికి నయం కావడానికి ప్రేమించినట్టు నటించాలి, నయమయ్యాక పక్కకు తప్పుకోవాలి. అది ఆమె ఉద్యోగం. నటించీ నటించీ చివరికి అదే ఆసుపత్రిలో తనే రోగి అవుతుంది. బెంగాలీలో సుచిత్రాసేన్ చేసిన వేషమది. ఇంట్లో, ఆఫీసులో రోజంతా నవ్వు మొహం పెట్టుకుని పనిచేసే మనలాంటివాళ్ళకి ఆ నర్సు కథ విడమరిచి చెప్పక్కర్లేదు. 'మూగమనసులు' అందరూ చూసిందే కాబట్టి దాన్ని వదిలేస్తున్నా.

ఇక ఆవిడ సొంత బతుకు. 1952లో జెమినీ గణేశన్‌ని చేసుకుంది. ఆయనకు అప్పటికే పెళ్ళయింది. ఒక కూతురు, ఒక కొడుకు. చెయ్యి పెద్దది. 1965 యుద్ధం అప్పుడు ఒంటిమీది నగలు ఒలిచి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి చేతికి ఇచ్చింది. 'మూగమనసులు'ని తమిళంలో 'ప్రాప్తం'గా తనే తీస్తే 1971లో అది పోయింది, అప్పులు మిగిలాయి. తాగుడు, జబ్బు. 1980లో కోమాలోకి వెళ్ళి, పంతొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూసింది. ఇది మీకందరికీ తెలిసిన కథే.

ఈ కథ నాకు ఎక్కడ గుచ్చుకుందో చెప్తాను. ఆవిడ పోయిన మరుసటేడు మా చెల్లెలు మిర్యాలగూడలో కాలేజీ చదువుతోంది. వార్షికోత్సవంలో నాటకం వేస్తానంది. మంచి వేషం, సార్లు పిలిచి ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళు ససేమిరా అన్నారు. ఎందుకంటే సావిత్రి బతుకు ఏమైందో చూడలేదా అని. నిన్నటిదాకా ఆవిడ సినిమా అంటే బస్సెక్కిన ఇల్లే అది! చెల్లెలు వేషం వాపసు ఇచ్చేసింది. ఇప్పుడు దానికి మనవలున్నారు. పెళ్ళిళ్ళలో నలుగురం చేరితే సూర్యకాంతాన్నీ, సావిత్రినీ ఇద్దర్నీ అదొక్కతే చేసి చూపిస్తుంది. ఊళ్ళో వాళ్ళంతా కడుపుబ్బ నవ్వుతారు. నాకు మాత్రం ఆ నవ్వు మధ్యలో ఎక్కడో కలుక్కుమంటుంది.

ఆవిడని ముంచింది నటన కాదు కదా. తండ్రిలేని పిల్లని అంతదాన్ని చేసిందే నటన. ఒంట్లో బాగోని రోజుల్లో కూడా, 1979లో 'గోరింటాకు' దాకా, చేతిలో మిగిలింది అదే. ఆడపిల్లని భయపెట్టడానికి ఆవిడ చావునే ఎందుకు ఎత్తుకుంటారు? చెప్పాలంటే 'చిన్నారి పాపలు' ఉంది. అది సావిత్రి డైరెక్టు చేసిన మొదటి సినిమా. నిర్మాత వీరమాచినేని సరోజిని, కథ కూడా ఆవిడదే. సంగీతం పి.లీల, డాన్సులు రాజసులోచన, కళా దర్శకురాలు మోహన. ముఖ్యమైన పనులన్నీ ఆడవాళ్ళే పంచుకుని చేసిన సినిమా. ఆ వెంటనే 1969లో రామారావుతో 'మాతృదేవత' కూడా డైరెక్టు చేసింది. 'చిన్నారి పాపలు' 1968లో వచ్చింది. అప్పటికి సావిత్రికి ముప్ఫై రెండేళ్ళు నిండలేదు.