సోమనాథ్ ద్వీపం పేరు వెనుక: తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలో జనావాసం లేని ఒక దీవి కొన్నేళ్ల క్రితం వరకు రికార్డులలో ఐ.ఎన్.ఏ.ఎన్. 370 అనే గుర్తుతోనే ఉండేది. 2023 జనవరి 23న, నేతాజీ జయంతి నాడు, అండమాన్ నికోబార్‌లోని పేరులేని 21 పెద్ద దీవులకు 21 మంది పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. వాటిలో అతి పెద్ద దీవికి మొదటి గ్రహీత పేరు ఇచ్చారు. అదే సోమనాథ్ ద్వీపం.

సోమనాథ్ శర్మ 1923 జనవరి 31న కాంగ్రా ప్రాంతంలోని డాఢ్ గ్రామంలో జన్మించారు. తండ్రి అమర్‌నాథ్ శర్మ సైనిక వైద్యులు. తమ్ముడు విశ్వనాథ్ శర్మ తరువాతి కాలంలో భారత సైన్యాధిపతి అయ్యారు. 1942 ఫిబ్రవరిలో సోమనాథ్ అధికారిగా చేరిన దళం పేరు తెలుగువారికి కొత్తది కాదు: 19వ హైదరాబాద్ రెజిమెంట్. నిజాం రాజ్యంలోని సేనల నుంచి పుట్టిన ఆ దళమే 1945లో కుమావూ రెజిమెంట్‌గా పేరు మార్చుకుంది. ఆయన చేరిన మరుసటి నెలలోనే జపాన్ సేనలు అండమాన్‌ను ఆక్రమించాయి. బంగాళాఖాతపు తూర్పు తీరాన, అరకాన్ ప్రాంతంలో ఆయన ఆ జపాన్ సేనలతోనే పోరాడారు.

1947 అక్టోబరు 31న ఆయన విమానంలో శ్రీనగర్ చేరుకున్నారు. హాకీ ఆడుతూ గాయపడిన ఎడమ చేతికి అప్పటికి ప్లాస్టర్ కట్టు ఉంది. అయినా పట్టుబట్టి తన డి కంపెనీతో వెళ్లారు. నవంబరు 3న బద్గాం గ్రామం వద్ద, ఏడింతల బలంతో వచ్చిన దాడిదారులు ఆ కంపెనీని మూడు వైపుల నుంచి చుట్టుముట్టారు. అక్కడికి సమీపంలోనే శ్రీనగర్ విమానాశ్రయం. అది చేజారితే లోయకు సేనలను వేగంగా తరలించే మార్గమే ఉండదు. గ్రామంలోని ఇళ్ల నుంచి కాల్పులు వచ్చినప్పుడు, లోపలి స్త్రీలకు, పిల్లలకు హాని కలుగుతుందేమోనని ఆయన మొదట సంకోచించారన్నది గుర్తుంచుకోదగిన విషయం. సైనికుల సంఖ్య తగ్గేకొద్దీ ఒక దళం నుంచి మరో దళానికి పరుగెత్తుతూ, కట్టు ఉన్న చేతితోనే మెషిన్‌గన్ మ్యాగజైన్లు నింపి అందించారు. చివరి మనిషి, చివరి తూటా వరకు వెనుదిరగబోమని ప్రధాన కార్యాలయానికి తెలిపిన కాసేపటికే, పక్కనున్న మందుగుండుపై మోర్టార్ గుండు పడి ఆయన అసువులు బాశారు. అప్పటికి వయసు 24 ఏళ్లు. అయితే ఆ కంపెనీ దాడిని నిలువరించిన గంటలలో అదనపు బలగాలు చేరుకోగలిగాయి. మూడు రోజుల తరువాత దొరికిన భౌతికకాయాన్ని పిస్తోలు తోలు ఒరను, జేబులోని భగవద్గీత పుటలను బట్టి గుర్తించారు.

ఆయన మరణించే నాటికి పరమవీర చక్రం అన్న పతకమే లేదు. 1950 జనవరి 26న దానిని నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. చూడడానికి చిన్న కంచు బిళ్ల. దానిపై నాలుగు ఇంద్ర వజ్రాయుధాలు, నడుమ జాతీయ చిహ్నం, పైన ఊదారంగు పట్టీ. దధీచి మహర్షి తన ఎముకలను దానమిచ్చిన కథను తలచుకొని ఆ రూపాన్ని కల్పించినవారు స్విట్జర్లాండ్‌లో పుట్టి భారతీయ సైనికాధికారిని పెళ్లాడిన సావిత్రీబాయి ఖానోల్కర్. ఆవిడ పెద్ద కుమార్తె వివాహమాడినది సోమనాథ్ సోదరుడు సురీంద్రనాథ్ శర్మనే.