కంచుకంఠం జగ్గయ్య

తెలుగునాట కంచుకంఠం అన్న మాట వినగానే పెద్దలకు స్ఫురించే పేరు కొంగర జగ్గయ్య. ఆయనను చలనచిత్ర నటుడుగానే ఎక్కువమంది ఎరుగుదురు. వెండితెరకు రాకముందు ఆయన ఆకాశవాణిలో మూడు సంవత్సరాలు తెలుగు వార్తలు చదివారన్న సంగతి నేటి విద్యార్థులలో చాలామందికి తెలియదు. గంభీరమైన కంఠస్వరం ఆయనకు పుట్టుకతో లభించిన వరం. ఆ వరాన్ని సాధనతో విద్యగా మలచుకోవడం ఆయన ఘనత.

జగ్గయ్య గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని మోరంపూడి గ్రామంలో జన్మించారు. పదకొండేళ్ల ప్రాయంలో ద్విజేంద్రలాల్ రాయ్ రచించిన సీత నాటకానికి హిందీ ప్రదర్శనలో లవుని పాత్ర ధరించారు. అడివి బాపిరాజు వద్ద చిత్రలేఖనం అభ్యసించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివే రోజుల్లో నందమూరి తారక రామారావుతో కలిసి నాటకాలాడారు. కొంతకాలం పత్రికలలో పనిచేశారు. కొంతకాలం దుగ్గిరాలలో ఉపాధ్యాయులుగా ఉన్నారు. రంగస్థలం ఉచ్చారణను, పత్రిక వాక్యనిర్మాణాన్ని, తరగతి గది విడమరచి చెప్పే నేర్పును అలవరుస్తాయి. ఈ మూడింటి పరిచయంతో ఆయన ఆకాశవాణిలో అడుగుపెట్టారు.

ఆ రోజుల్లో ఆకాశవాణి జాతీయ వార్తల మూలప్రతి ఆంగ్లంలో వెలువడేది. ఆయా భాషల విభాగాలవారు దానిని అనువదించుకొని నిర్ణీత సమయానికి చదవవలసి ఉండేది. ఆంగ్లవాక్యాన్ని ఉన్నదున్నట్లు తెనిగిస్తే వినేవారికి అర్థం కాదు. పత్రిక చదివేవాడు అర్థం కాని వాక్యాన్ని మరల చదువుకోగలడు; రేడియో వినేవానికి ఆ వీలు లేదు. కనుక వాక్యం చిన్నదిగా, తేటగా ఉండాలి. ప్రత్యక్ష ప్రసారంలో నోరు జారిన మాటను వెనక్కు తీసుకోలేము. ఒక పేరు, ఒక అంకె తప్పితే ఆ తప్పు వేలాది ఇళ్లకు చేరిపోతుంది. వార్తాపాఠకుని బాధ్యత అంతటిది.

మన ప్రాచీనులు పఠనాన్ని ఒక శాస్త్రంగా భావించారు. పాణినీయ శిక్ష అనే గ్రంథం మంచి పాఠకునికి ఆరు గుణాలను, చెడ్డ పాఠకునికి ఆరు దోషాలను పేర్కొన్నది. మాధుర్యం, అక్షరాల స్పష్టత, పదాల విరుపు, చక్కని స్వరం, ధైర్యం, లయ అన్నవి గుణాలు. రాగం తీయడం, తొందరపడడం, తల ఊపడం, వ్రాసినదానినే చూస్తూ చదవడం, అర్థం తెలియక చదవడం, బలహీనమైన గొంతు అన్నవి దోషాలు. ఈ పన్నెండింటిలో పుట్టుకతో వచ్చే కంఠానికి సంబంధించినవి కొన్నే. తక్కినవన్నీ అభ్యాసంతో సాధించదగినవి, అభ్యాసంతో విడువదగినవి. వార్తాపాఠకుడు కాగితం చూసి చదవక తప్పదు. అయినా చదువుతున్నట్లు కాక, చెబుతున్నట్లు వినిపించాలి.

విశాఖపట్నం సీతమ్మధారలో ఒక విద్యార్థి వార్తాపఠన పోటీకి సిద్ధమవుతున్నాడనుకుందాం. పేరుపొందిన ఒక కంఠాన్ని అనుకరించాలని అతనికి అనిపించవచ్చు. అనుకరణతో గొంతు బరువెక్కవచ్చునేమో గాని వార్త స్పష్టం కాదు. అతడు ముందుగా వార్తలను ప్రాధాన్యక్రమంలో అమర్చుకోవాలి. ముఖ్యాంశాలతో ప్రారంభించి, వివరాలు చెప్పి, ముగింపులో ముఖ్యాంశాలను మరొకసారి వినిపించాలి. ఊపిరి తీసుకోవలసిన చోట చిన్న గీత పెట్టుకోవాలి. తెలియని పేర్ల ఉచ్చారణను తెలిసినవారిని అడిగి నిర్ధారించుకోవాలి. గడియారం ఎదుట ఉంచుకొని పలుమార్లు పైకి చదవాలి. తుపాను వార్తకు కన్నీరు, క్రీడావిజయానికి కేరింత అక్కరలేదు. భావోద్వేగం శ్రోతది, సమాచారం మాత్రమే పాఠకునిది.

ఈ నిగ్రహం నటునికి అవసరమైన గుణానికి దాదాపు విరుద్ధమైనది. జగ్గయ్య రెండింటినీ సాధించారు. రేడియో ఉద్యోగాన్ని వదలి, నిలకడలేని చిత్రరంగాన్ని ఎంచుకున్నారు. 1952లో త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వం వహించిన ప్రియురాలు చిత్రంతో తెరపైకి వచ్చారు. 1955లో విడుదలైన బి.ఎన్. రెడ్డి చిత్రం బంగారు పాపతో నటుడుగా స్థిరపడ్డారు. ఇతర నటులకు కూడా తన గళాన్ని అరువిచ్చారు. శివాజీ గణేశన్ తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఆయనకు గొంతునిచ్చారు. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు చిత్రంలో రూథర్‌ఫర్డ్ పాత్ర ధరించారు. విశాఖ మన్యపు పోరాటగాథలో ఒక తెల్లదొరను తెలుగు ప్రేక్షకులు నేటికీ మరచిపోకపోవడానికి కారణం ఆ సంభాషణలు పలికిన తీరే.

1967లో ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. రవీంద్రుని గీతాంజలిని రవీంద్ర గీత పేరుతో అనువదించారు. ఆత్రేయ రచనలను సంపుటాలుగా వెలువరించారు. 1992లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. 2004 మార్చి 5న కన్నుమూశారు.

నటుని కంఠం చిత్రాలలో నిలిచి ఉంటుంది. వార్తాపాఠకుని మాట పలికిన మరుక్షణమే గాలిలో కలిసిపోతుంది. పేరు మిగలదని తెలిసి కూడా ప్రతి అక్షరాన్నీ శ్రద్ధగా పలకడమే ఆ వృత్తి ధర్మం. ఆ శ్రద్ధను అలవరచుకున్న విద్యార్థికి పోటీలో బహుమతి వచ్చినా రాకపోయినా, తన భాషపై అధికారం మాత్రం తప్పక లభిస్తుంది.